కప్లర్లు

జుబైల్‌ల పొద్దు పొడవకముందే
కంటైనరు గోడకు వీపులానిచ్చి నిలవడ్తం.
సేఫ్టీ ఆఫీసరు రొడేలియో, పచ్చ జాకెట్టు,
రోజుకొక్క మాట చెప్తడు మైకుల.
ఇలోయిలోల వాళ్లమ్మ బడిపంతులమ్మనట,
గందుకే మాటను చిక్కుడుకాయ లెక్క
ఒలిచి చేతుల పెడ్తడు.

"అన్" అంటడు, వేళ్లతోని ఒక పొట్టి పైపు సూపుతడు.
"సేఫ్" అంటడు, అది పొడుగుది.
రెండింటిని గాలిల జోడిచ్చి
పానా వట్టినట్టు మెలి తిప్పుతడు.
అన్‌సేఫ్.
ఎర్ర ట్యాగు.

గప్పుడనిపిచ్చింది నాకు
ఇంగ్లీషంటే మేం కట్టే స్కాఫోల్డింగే అని.
మన మాటలు గట్ల గావు.
రెండు మాటలు ఎదురువడితే
ఒకదాంట్లొకటి కరిగిపోతయ్.
ఆశకు అన్న తోడైతే ఆశన్న,
నడుమ ఉన్న 'అ' ఎటువోయిందో ఎవనికెరుక.
వీళ్లకు పైపు పైపే, కప్లరు కప్లరే.
బిగిచ్చిన జాగ కనవడ్తనే ఉంటది.

ఆశన్నంటే మనిషే, నా కింది బంకు.
ఇండక్షన్ల ఇచ్చిన నోటుబుక్కును
వెనుక అట్ట దిక్కునుంచి నింపుతున్నడు.
ఫోర్‌మన్: ముందటి మనిషి.
(మరి ఎప్పుడూ వెనుకనుంచే ఒర్రుతడేంది?)
ఓవర్‌టైం: టైం మీదెక్కి కూసున్న టైం.
సిక్ లీవున్నది, హోమ్ లీవున్నది,
హోమ్‌సిక్‌కు లీవు లేదు.
ఎంప్లాయర్, ఎంప్లాయీ,
ఒక్క పెయ్యికి రెండు తోకలు.
'అర్' తోకది పని జేపిస్తది, 'ఈ' తోకది చేస్తది.
"ఈ... అని పండ్లిగిలిస్తెనే జీతమన్నట్టు"
అని పండ్లిగిలిచ్చిండు.

జూన్‌ల ఒకనాడు, ఆరో లిఫ్టు మీద
క్లాంపు చెయ్యి జారింది. ఎవలకు తాకలే.
కిందికెళ్లి ఫోర్‌మన్ ఒక్కటే మాట:
యూజ్‌లెస్!

మేం మస్తు గరమైనం.
ఆశన్న కాలే. రాత్రి పప్పుల రొట్టె ముంచుకుంట
నిమ్మళంగ ఇప్పి చెప్పిండు.
"యూజంటే వాడుడు.
లెస్ అని బట్టల దుకాణం మీద రాసి లేదా,
ఫిఫ్టీ పర్సెంట్ లెస్?
అగ్గువకు వాడుకునేది.
తప్పేమన్నడు వాడు?"

తెల్లారి రొడేలియోకు చెప్పిన.
నవ్వబోయి, హెల్మెట్ తీసి చెమట తుడుసుకున్నడు.
"ఆ లెస్ వేరు, ఈ లెస్ వేరు," అన్నడు.
"పాస్‌పోర్టుల పేరొక్కటే,
తండ్రి పేర్లు వేరు."
ఆ పొద్దు మైకుల ఏ మాటా చెప్పలే.
నీళ్లు తాగున్రి అన్నడంతే.

షట్‌డౌన్ పని ఒడిసే వారం,
పైపులు దించి సైజు వారీగ పేర్చుతుంటే
ఆశన్ననే పోయి అడిగిండు ఆయన్ని.
"లోడ్‌కు లోడెడ్. వాక్‌కు వాక్డ్.
గో అంటే పోవుడు గద,
పోయిన అంటే వెంట్ ఎందుకైంది?
గోల ఒక్క అక్షరం గూడ లేదు దాంట్ల."

రొడేలియో పైపుల మీద కూసున్నడు.
వెంట్ ఆ ఇంటి పిల్ల గాదట.
వెండ్ అని ఇంకో మాట ఉండేదట, దాని బిడ్డట.
ఎన్నడో వచ్చి ఈ ఇంట్ల చేరిందట.
ఆ పాత మాటకు వేరేది దొరికిందట,
ఇప్పుడు తిరిగి పోదమన్నా
అక్కడ దాని జాగల అదున్నదట.

మనకైతే 'పోయిన'ల 'పో' ఉన్నది, అన్న నేను.
ఆశన్న ఉలుకలే పలుకలే.

రాత్రి చూసిన, నోటుబుక్కుల
గో అని రాసిండు. దాని కింద వెంట్.
రెండింటి నడుమ కప్లరు బొమ్మ గీయబోయి
సగం గుండ్రం కాడ పెన్నాపిండు.

లైటు బంద్ జెయ్యన్నడు.
నాలుగింటికి బస్సు.